మూడుసార్లు మారిన ప్రవర్తన, మూడు వేర్వేరు కారణాలు: మెదడును తాకిన ఒక లూపస్ కేసు

విశాఖపట్నంలో మా మానసిక వైద్య విభాగానికి వచ్చిన ఒక యువతి కేసు ఇది. ఆమె, ఆమె తల్లి ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను. ఏడాది తిరిగేలోపు ఆమె ప్రవర్తన మూడుసార్లు మారింది. మూడుసార్లూ ఇంట్లోవాళ్లు జబ్బు తిరగబెట్టిందనే అనుకున్నారు. కానీ ఒకసారి కారణం లూపస్ (ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఒంటి మీద తిరగబడే జబ్బు), ఇంకోసారి లూపస్‌కు వాడిన మందు, మరోసారి ఆ రెండూ మిగిల్చిన డిప్రెషన్. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి హాని చేయగలదు. అందుకే ఈ కేసును వివరంగా చెప్పాలనిపించింది.

వచ్చినప్పటి పరిస్థితి

వయసు 22. గోపాలపట్నం వైపు ఇల్లు. డిగ్రీ అయ్యాక నగరంలో ఒక చీరల దుకాణంలో బిల్లింగ్ చూస్తోంది. తండ్రి లేడు, తల్లి, తమ్ముడు ఉన్నారు. అంతకుముందు మానసిక సమస్యలేమీ లేవు. ఇంటి రక్తసంబంధంలోనూ ఎవరికీ లేవు.

పది రోజులుగా రాత్రిళ్లు నిద్ర లేదు. పక్కింటివాళ్లు గోడ అవతల తన గురించే మాట్లాడుకుంటున్నారని, ఆ మాటలు తనకు స్పష్టంగా వినపడుతున్నాయని అంటోంది. అమ్మ అన్నంలో ఏదో కలుపుతోందని అనుమానం. తన ఎదురుగా చింపిన బిస్కెట్ ప్యాకెట్ తప్ప ఏదీ ముట్టడం లేదు. ఎవరో చిల్లంగి పెట్టారని బంధువులు అంటే చేతికి రక్షరేకు కట్టించారు. దాన్ని తీసేయమని నేను అనలేదు. అది వైద్యానికి అడ్డు కాదు, ఆ తల్లికి కాస్త ధైర్యం.

"దీనికేటయిపోనాదో సూడండమ్మా. చినవాల్తేరు తీసుకెళ్లిపొమ్మంటన్నారు అందరూ" అంది తల్లి. విశాఖలో చినవాల్తేరు అనగానే మానసిక ఆస్పత్రే గుర్తొస్తుంది. ఉత్తరాంధ్ర మొత్తానికి పెద్ద దిక్కయిన ఆస్పత్రి అది. అయినా ఆ పేరు వింటేనే కుటుంబాలు హడలిపోతాయి. ఆ భయంతో ఎన్నో రోజులు చేజారిపోతాయి.

మాట్లాడుతుంటే మొదట పట్టిచ్చింది ఆమె ఏకాగ్రత. స్కిజోఫ్రీనియాలో అనుమానాలు, వినపడే గొంతులు ఎంత బలంగా ఉన్నా ఈరోజు ఏ వారమో, తానెక్కడున్నదో మామూలుగా తెలుస్తూనే ఉంటుంది. ఈమెకు పొద్దున తెలిసింది, సాయంత్రానికి తెలియలేదు. వారాల పేర్లు వెనక్కి చెప్పమంటే శనివారం, శుక్రవారం దాకా వచ్చి మళ్లీ శనివారం దగ్గరికే పోయింది. మధ్యమధ్య కళ్లు మూతలు పడుతున్నాయి, అంతలోనే ఉలిక్కిపడి చుట్టూ చూస్తోంది. తెలివి ఇలా పెరుగుతూ తగ్గుతూ ఉంటే దాన్ని డెలిరియం అంటాం. అది కనపడగానే ఒంట్లో ఏ జబ్బు దానికి కారణమో వెతకాలి.

ఒంట్లో వంద దాటిన జ్వరం. బీపీ 150/96. ఇరవై రెండేళ్ల పిల్లకు ఆ బీపీ ఉండకూడదు. రెండు బుగ్గల మీదా ఎర్రటి మచ్చ ముక్కు మీదుగా పాకి ఉంది. ముక్కు పక్క నుంచి పెదవి అంచుకు దిగే మడతలో మాత్రం చర్మం మామూలుగానే ఉంది. నుదుటి అంచున జుట్టు పొట్టిగా, విరిగిపోయినట్టు ఉంది. నోరు తెరిపించి టార్చి వేసి చూస్తే పైఅంగిట్లో పావలా బిళ్ల కన్నా చిన్న పుండు. నొప్పి ఉందా అంటే పుండు ఉన్నట్టే తెలియదంది. లూపస్‌లో అంగిటి పుండు చాలాసార్లు నొప్పి పెట్టదు, అందుకే రోగి చెప్పదు, మనమే చూడాలి. పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడింది.

అప్పుడు తల్లిని మళ్లీ కూర్చోబెట్టి వెనక్కి అడుగుతూ వెళ్లాను. ఆరు నెలలుగా పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి జడ కూడా వేసుకోలేకపోయేదట. జుట్టు ఊడుతుంటే నీళ్లు పడలేదనుకున్నారు. బుగ్గల మచ్చ బస్టాపులో ఎండకు, చెమటకు వచ్చిందనుకున్నారు. జ్వరానికి టైఫాయిడ్ మందులు వాడారు. ఈమధ్య మూత్రం నురగ వస్తోందని కూతురు ఒకసారి అందట. ఒక్కొక్కటీ విడిగా చూస్తే చిన్న విషయమే. కీళ్లకు ఒకచోట, చర్మానికి ఒకచోట, జ్వరానికి ఇంకోచోట చూపించుకుంటారు కాబట్టి ఎవరి చేతికీ మొత్తం కథ అందదు.

పరీక్షలు

మూత్రంలో ప్రొటీన్ మూడు ప్లస్సులు, ఎర్ర కణాలు. హిమోగ్లోబిన్ 8.2, తెల్లకణాలు 2,900, ప్లేట్‌లెట్లు 92,000. ఒంట్లో వాపును చూపే రెండు పరీక్షల్లో ఈఎస్ఆర్ 96 ఉంటే సీఆర్‌పీ దాదాపు మామూలుగా ఉంది. లూపస్ విజృంభించినప్పుడు ఈ జత తరచుగా కనిపిస్తుంది. సీఆర్‌పీ బాగా పెరిగితే ముందు ఇన్ఫెక్షన్‌ను అనుమానించాలి. ఏఎన్ఏ (సొంత కణాల కేంద్రకాల మీదే తిరగబడే యాంటీబాడీలు) బలంగా పాజిటివ్, డబుల్ స్ట్రాండెడ్ డీఎన్ఏ యాంటీబాడీలు బాగా ఎక్కువ, లూపస్ రేగినప్పుడు ఖర్చయిపోయే కాంప్లిమెంట్ ప్రొటీన్లు సీ3, సీ4 రెండూ తక్కువ. తర్వాత కిడ్నీ బయాప్సీలో నాలుగో తరగతి లూపస్ నెఫ్రైటిస్ (లూపస్ వల్ల కిడ్నీ వాపు) అని తేలింది.

ఒక్క మాట. ఏఎన్ఏ పాజిటివ్ వచ్చినంత మాత్రాన లూపస్ కాదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా తక్కువ మోతాదులో అది కనిపిస్తుంది. 2019లో యూరప్, అమెరికా రుమటాలజీ (కీళ్లజబ్బులు, లూపస్ లాంటివి చూసే వైద్యశాఖ) సంఘాలు కలిసి ఇచ్చిన వర్గీకరణలో ఏఎన్ఏ లోపలికి రానిచ్చే గుమ్మం మాత్రమే. ఆ తర్వాత లక్షణాలకు మార్కులు వేసి పదికి చేరితే లూపస్ కింద లెక్క. అందులో డెలిరియానికి 2, సైకోసిస్‌కు (లేని గొంతులు వినపడే, లేని అనుమానాలు పట్టే మతిభ్రమ) 3, మూర్ఛకు 5.

లూపస్ ఉందని తేలింది. మరి ఈ మతిభ్రమ లూపస్ వల్లేనా? తొందరపడకూడని చోటు ఇదే. లూపస్ రోగుల్లో వచ్చే నరాల, మానసిక సమస్యల్లో నేరుగా లూపస్ వల్ల వచ్చేవి మూడో వంతుకు కాస్త అటూఇటూ. మిగతావి ఇన్ఫెక్షన్, మందులు, కిడ్నీ దెబ్బతినడం, బీపీ, లవణాల తేడా, లేదా లూపస్ లేకపోయినా వచ్చే మామూలు మానసిక వ్యాధి. మన దగ్గర టీబీ మెనింజైటిస్ (మెదడు పొరలకు సోకే టీబీ) లేదని తేల్చుకోకుండా, రోగనిరోధక శక్తిని అణిచే స్టీరాయిడ్ పల్స్ (కొద్ది రోజులు నరం ద్వారా ఇచ్చే పెద్ద మోతాదు) మొదలుపెట్టడమంటే చాలా పెద్ద సాహసం.

అందుకే వెన్నులోంచి నీరు తీసి చూడాల్సిందే అన్నాం. "నీరు తీస్తే కాళ్లు పడిపోతాయంట కదమ్మా" అని తల్లి ఏడ్చింది. వెన్నుపాము ఎక్కడ ఆగిపోతుందో, సూది దానికి ఎంత కింద దిగుతుందో కాగితం మీద బొమ్మ గీసి చూపించాక సంతకం పెట్టింది. ఆ బొమ్మకు పట్టిన కాసేపు ఏ పరీక్షకన్నా తక్కువ విలువైనది కాదు. నీటిలో లింఫోసైట్లు 8, ప్రొటీన్ 62, గ్లూకోజ్ మామూలు. టీబీ, హెర్పిస్, క్రిప్టోకాకస్ పరీక్షలు నెగెటివ్. ఫలితాలు వచ్చేదాకా ముందుజాగ్రత్తగా వైరస్‌కు ఎసైక్లోవిర్, బాక్టీరియాకు సెఫ్ట్రియాక్సోన్ ఇచ్చాం. ఎన్ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్ (యాంటీబాడీల వల్ల వచ్చే మరో రకం మెదడువాపు) పరీక్ష కూడా నెగెటివ్. ఈఈజీలో మెదడు తరంగాలు అంతటా నెమ్మదించాయి, మూర్ఛ జాడ లేదు. ఎంఆర్ఐలో రెండు మూడు చిన్న తెల్ల చుక్కలు తప్ప ఏమీ లేదు. లూపస్ సైకోసిస్‌లో ఎంఆర్ఐ మామూలుగా రావడం తరచూ జరిగేదే, స్కాన్ బాగుందని మెదడు బాగున్నట్టు కాదు. రక్తం గడ్డకట్టించే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు మూడు రకాలూ నెగెటివ్. ఇవి పాజిటివ్ అయితే దారి వేరు. అప్పుడు పక్షవాతం భయం ఉంటుంది, రక్తం పలచన చేసే మందుల మాట వస్తుంది.

మెదడులో జరిగేదేమిటి

లూపస్ మెదడును తాకగలదని కొత్తగా తెలిసిందేమీ కాదు. 19వ శతాబ్దంలోనే వియన్నా చర్మవైద్యుడు మోరిజ్ కపోసి ఈ రోగుల్లో మతి తప్పడాన్ని గమనించి రాశాడు. 1999లో అమెరికన్ రుమటాలజీ సంఘం లూపస్‌లో కనిపించే నాడీ, మానసిక సమస్యలను 19 రకాలుగా విడదీసింది. సైకోసిస్, మూర్ఛ, పక్షవాతం ఉన్న ఆ జాబితాలోనే ఆందోళన, డిప్రెషన్, జ్ఞాపకశక్తి తగ్గడం కూడా ఉన్నాయి.

దారులు ముఖ్యంగా రెండు. ఒకటి రక్తనాళాల దారి: యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల వల్ల చిన్న గడ్డలు ఏర్పడి మెదడులో ఏదో ఒక భాగానికి రక్తం ఆగిపోతుంది. రెండోది వాపు దారి. మామూలుగా రక్తంలోని యాంటీబాడీలను మెదడులోకి రానీయని అడ్డుగోడ ఒకటుంది. ఇన్ఫెక్షన్ వల్లో, వాపు వల్లో అది సడలితే యాంటీబాడీలు లోపలికి చేరతాయి. డీఎన్ఏకు వ్యతిరేకంగా పుట్టిన యాంటీబాడీల్లో కొన్ని మెదడు కణాల మీది ఎన్ఎండీఏ రిసెప్టర్‌లోని ఒక భాగాన్ని కూడా పట్టుకుంటాయని 2001లో అమెరికా శాస్త్రవేత్త బెటీ డైమండ్ బృందం చూపించింది. జ్ఞాపకాలు నిలిచే హిప్పోక్యాంపస్‌లో ఆ రిసెప్టర్లు ఎక్కువ. ఇది కుటుంబాలకు ఎందుకు చెబుతానంటే, "పిల్ల మనసు బలహీనం" అన్న మాట అంతటితో ఆగిపోతుంది.

మొదటి వైద్యం

రుమటాలజిస్టు, నెఫ్రాలజిస్టు, న్యూరాలజిస్టు, నేను కలిసి కూర్చుని నిర్ణయించాం. మూడు రోజులు మిథైల్ ప్రెడ్నిసొలోన్ పల్స్, ఆ తర్వాత ప్రెడ్నిసొలోన్ రోజుకు 45 మిల్లీగ్రాములు, రెండు వారాలకొకసారి రక్షణ వ్యవస్థను అణిచే సైక్లోఫాస్ఫమైడ్ 500 మిల్లీగ్రాముల చొప్పున ఆరు మోతాదులు. లూపస్‌ను అదుపులో ఉంచే హైడ్రాక్సీక్లోరోక్విన్ రోజుకు 200 మిల్లీగ్రాములు. ఆమె బరువు 46 కిలోలు, కిలోకు 5 మిల్లీగ్రాములు దాటకూడదు కాబట్టి అంతే. నా వంతుగా ఆ గొంతులకు, అనుమానాలకు రాత్రిపూట రిస్పెరిడోన్, తక్కువ మోతాదులో. ఈ మందూ, హైడ్రాక్సీక్లోరోక్విన్ రెండూ గుండె లయను మార్చగలవు కాబట్టి ముందూ తర్వాతా ఈసీజీ తీశాం.

నాలుగైదు రోజులకు తెలివి తేటపడింది. గొంతులు ఇంకొన్నాళ్లు ఉన్నాయి, తర్వాత దూరమై ఆగిపోయాయి. ఒక పొద్దున తల్లి తెచ్చిన ఇడ్లీ మారుమాట లేకుండా తింది. ఆ తల్లికి రిపోర్టులన్నిటి కన్నా అదే పెద్ద కబురు.

రెండోసారి

ఇంటికి వెళ్లిన మూడో వారం ఫోన్ వచ్చింది. "మళ్లీ వచ్చీసిందమ్మా." రాత్రి రెండింటికి లేచి ఇల్లంతా కడుగుతోంది, గిన్నెలన్నీ దించి తోముతోంది, ఆపకుండా మాట్లాడుతోంది. ఫోన్‌లో వరసగా చీరలు ఆర్డర్ పెట్టేసింది. ఆకలి విపరీతం. ఎవరైనా అడ్డొస్తే కేకలు.

చూడ్డానికి జబ్బు తిరగబెట్టినట్టే ఉంది. లూపస్ తిరగబెట్టిందనుకుంటే స్టీరాయిడ్ పెంచాలి. స్టీరాయిడ్ వల్లే అయితే తగ్గించాలి. రెండూ పూర్తిగా ఎదురెదురు.

ఈసారి వారాల పేర్లు వెనక్కి గడగడా చెప్పేసింది, నెలల పేర్లు కూడా తనంతట తనే చెప్పింది. తెలివి పూర్తిగా ఉంది. జ్వరం లేదు, బుగ్గల మచ్చ వాడిపోయింది. ప్లేట్‌లెట్లు లక్షా ఎనభై వేలకు చేరాయి, సీ3 పైకి వస్తోంది, మూత్రంలో ప్రొటీన్ తగ్గుతోంది. ఒళ్లంతా కోలుకుంటుంటే మెదడు ఒక్కటే చెడటం పొసగదు. ఇది స్టీరాయిడ్ వల్ల వచ్చిన మేనియా, అంటే అదుపు లేని ఉత్సాహం.

1972లో బోస్టన్‌లో జరిగిన అధ్యయనం ఇప్పటికీ ఉపయోగపడుతుంది. ప్రెడ్నిసోన్ రోజుకు 40 మిల్లీగ్రాముల లోపు వాడినవాళ్లలో 1.3 శాతం మందికి, 41 నుంచి 80 మధ్య వాడినవాళ్లలో 4.6 శాతానికి, 80 దాటితే 18.4 శాతానికి మానసిక లక్షణాలు వచ్చాయి. రక్తంలో అల్బుమిన్ తక్కువగా ఉన్న లూపస్ రోగులకు ఈ ముప్పు ఇంకా ఎక్కువ. ఈమె మూత్రంలో ప్రొటీన్ పోగొట్టుకుంటోంది, అల్బుమిన్ తక్కువే. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లోనే ఇవి ఎక్కువగా బయటపడతాయి.

తమ్ముడు స్టీరాయిడ్ మాత్రలన్నీ పారేస్తానన్నాడు. కోపం సహజమే. కానీ కొన్ని వారాలు స్టీరాయిడ్ వాడాక ఒంట్లో సొంతంగా తయారయ్యే కార్టిసాల్ తగ్గిపోతుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, లూపస్ కూడా పడగ విప్పుతుంది. ఇది అతనికి అర్థమయ్యేదాకా చెప్పాను. రుమటాలజిస్టు తగ్గించే వేగం పెంచారు, మొత్తం మోతాదు పొద్దున టిఫిన్ తర్వాతే వేయమన్నారు. నేను రిస్పెరిడోన్ మార్చి కొద్దికాలానికి ఒలాంజపిన్ ఇచ్చాను. మేనియాకు వాడే లిథియం ఇవ్వలేదు, కిడ్నీ దెబ్బతిని ఉంది, బీపీకి ఎనలాప్రిల్ వాడుతోంది, రెండూ లిథియం మట్టాన్ని పెంచుతాయి. వాల్‌ప్రోయేట్ ప్లేట్‌లెట్లను తగ్గించగలదు, పెళ్లీడు పిల్లకు అసలే మంచిది కాదు. కార్బమజెపిన్ స్టీరాయిడ్ పనితనాన్ని తగ్గిస్తుంది, తానే లూపస్ లాంటి జబ్బును తెచ్చిపెట్టగలదు. రెండు వారాల్లో నిద్ర కుదుటపడింది.

మూడోసారి

ఎనిమిదో నెల. సైక్లోఫాస్ఫమైడ్ అయిపోయి దాని బదులు మైకోఫినోలేట్ నడుస్తోంది, ప్రెడ్నిసొలోన్ 5కు దిగింది. రక్తం, మూత్రం రిపోర్టులు ఎంతో మెరుగు. అందరం సంతోషించే వేళ ఆమె మాత్రం ముభావంగా ఉంది.

"బుర్రలో అరకు మంచు పట్టినట్టుంది మేడమ్. ఎదర ఏముందో కనిపించదు" అంది. దుకాణంలో బిల్లు వేస్తూ మధ్యలో ఎక్కడున్నదో మర్చిపోతోంది. కస్టమర్ ఇచ్చిన నోటు చేతిలో పట్టుకునే "డబ్బులివ్వండి" అని అడిగిందట. ఓనరు మంచివాడే, ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెకు ఇంకా కష్టంగా ఉంది.

లూపస్ రోగుల్లో ఈ మందగింపు చాలా మామూలు, రిపోర్టులు ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా ఉంటుంది. దానికి వేరే కారణాలున్నాయేమో ముందు చూశాం. ఎంఆర్ఐలో కొత్తదేమీ లేదు. యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్ష మళ్లీ నెగెటివ్. థైరాయిడ్ బాగుంది, బీ12 తక్కువ ఉంటే సరిచేశాం. జ్ఞాపకం, ధ్యాసలను కొలిచే మోకా పరీక్షలో 30కి 24 వచ్చింది. పదాలు గుర్తుపెట్టుకోవడంలో కన్నా ధ్యాస నిలపడంలోనే మార్కులు పోయాయి. డిప్రెషన్ ప్రశ్నావళి పీహెచ్‌క్యూ-9లో 17. అది తక్కువేం కాదు.

అప్పుడు కథ బయటికొచ్చింది. చిన్నప్పటి నుంచీ అనుకుంటున్న మేనమామ కొడుకు సంబంధం వెనక్కి పోయింది. ఎవరూ కాదనలేదు, ఫోన్లు ఆగిపోయాయంతే. స్టీరాయిడ్‌తో ముఖం గుండ్రంగా ఉబ్బితే దుకాణానికి వచ్చినవాళ్లు "ఒళ్లు చేశావేంటమ్మా" అంటున్నారు. ఏటా ఆషాఢ పౌర్ణమికి స్నేహితురాళ్లతో సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేది, ముప్పై రెండు కిలోమీటర్లు. ఈసారి గుమ్మంలో నిలబడి వాళ్లను పంపించింది. ఎండ తగిలితే లూపస్ రేగుతుంది కాబట్టి పగలు బయటికి రావద్దని మేమే చెప్పాం. ఆ మాటను ఆమె ఇంట్లోనే ఉండిపొమ్మన్నట్టు పట్టుకుంది.

చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని కొందరు భయపడతారు. నిజానికి అడిగితేనే మనిషి తేలికపడుతుంది. ఆమె అవునన్నట్టు తల ఊపింది. ఆ రోజు తల్లిని లోపలికి పిలిచి ముగ్గురం మాట్లాడుకున్నాం. మందులు తల్లి చేతిలో ఉండాలనీ, మనసు బరువెక్కినప్పుడు ముందు ఎవరికి చెప్పాలో, మేం దొరకని వేళ ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఎలా ఫోన్ చేయాలో రాసి ఇచ్చాను. ఆ లైన్‌లో తెలుగులో మాట్లాడతారు.

డిప్రెషన్‌కు సెర్ట్రాలిన్ 25 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 50కి పెంచాను. నొప్పి మాత్రలతో కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది కాబట్టి అవి మెడికల్ షాపులో సొంతంగా కొనొద్దన్నాను. "ఇంట్లో ఉండు" అన్నట్టు వినపడిన మాటను సరిచేశాను: ఎండెక్కక ముందు, పొద్దు వాలాక నడవాలి. పగలు వెళ్లాల్సి వస్తే గొడుగు, పొడుగు చేతులు, సన్‌స్క్రీన్. పని సగం పూటకు మార్పించాం. బిల్లు వేస్తుండగా ఎవరూ పలకరించకుండా ఓనరు ఏర్పాటు చేశాడు. ప్రతి వస్తువూ గట్టిగా చదివి కొట్టడం అలవాటు చేసుకుంది. సైకాలజిస్టు దగ్గర వారానికోసారి కూర్చుంది. నాకు మందుకన్నా ముందు పనిచేసిందనిపించింది ఏమిటంటే, ఈ మందగింపు జబ్బులో భాగమని, తన బద్ధకం కాదని తల్లి ముందు నేను చెప్పిన రోజు.

ఇప్పుడు

పీహెచ్‌క్యూ-9 స్కోరు 6కు తగ్గింది, మోకా 27. మూత్రంలో ప్రొటీన్ అర గ్రాము లోపే ఉంది. గొంతులు మళ్లీ వినపడలేదు, ఒలాంజపిన్ ఎప్పుడో ఆపేశాం. సెర్ట్రాలిన్ ఇంకొన్ని నెలలు కొనసాగుతుంది. నిద్ర వరసగా రెండు రాత్రులు తప్పినా, ఎంత చిన్న జ్వరం వచ్చినా, మాట తీరు మారినా ముందు రక్తం, మూత్రం పరీక్ష చేయించుకుని రమ్మని తల్లికి చెప్పి ఉంచాం. ఆ కాగితాలు చేతిలో ఉంటే లూపసా, మందా, మనసా అని తేల్చడం మొదటి గంటలోనే మొదలవుతుంది.

పోయినసారి వచ్చినప్పుడు తల్లిని బయట కూర్చోమని, "పిల్లలు పుడతారా మేడమ్?" అని అడిగింది. తక్కువ మోతాదు సైక్లోఫాస్ఫమైడే వాడాం కాబట్టి అండాశయాలకు ముప్పు తక్కువని, నెలసరి సక్రమంగా వస్తుండటం మంచి సూచన అని చెప్పాను. కనీసం ఆరు నెలలు లూపస్ అణిగి ఉండాలి. మైకోఫినోలేట్, ఎనలాప్రిల్ రెండూ గర్భానికి పనికిరావు. గర్భం అనుకున్నప్పుడు ముందుగానే అజాథయోప్రిన్‌కూ, వేరే బీపీ మందుకూ మారాలి. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం ఆపకూడదు. బిడ్డ గుండె లయను దెబ్బతీయగల రో యాంటీబాడీల పరీక్ష ఈ నెల రక్తంతోనే పంపిస్తున్నాం.